నా చెవి చంపిన పట్టుపురుగులు

బతికున్న పట్టుపురుగులకు నిండు మార్కెట్లో చావు సర్టిఫికెట్ రాసిచ్చిన ఘనుణ్ణి నేను. ఒకటీ రెండూ కాదు, బుట్టెడు! ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నాలుగేళ్ళ కిందటి మాట. పట్టుగూళ్ళు కొని దారం తీయించడం నా వృత్తి. గూటిని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే, లోపలి పురుగు బాగుంటే గలగలమంటుంది. చచ్చి అతుక్కుపోతే చప్పుడుండదు. ఈ విద్యలో కోలారు జిల్లా మొత్తానికి నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. తోటి వ్యాపారులు కూడా నా తల ఎటు ఊగితే అటే ఊగేవారు.

ఆ రోజు ముళబాగిలు పక్కపల్లె నుంచి రత్నమ్మ గూళ్ళు తెచ్చింది. ఒకటి ఊపాను. చప్పుడు లేదు. వరసగా పది ఊపాను. ఊహూ!

"ఏం రత్నమ్మా, పురుగులన్నీ చచ్చినాయి కదమ్మా!"

"యాడ చచ్చినాయప్పా? నెల దినాలు నిద్ర మానుకొని సాకినాను. బాగా ఊపి చూడు!"

"ఊపేది నాకు నేర్పిస్తావా?"

అంతే, ఆ బుట్టను ఇంకెవరూ ముట్టుకోలేదు. రత్నమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఊరుకునే మనిషా? తన గూడొకటి నా చెవి దగ్గర ఊపింది. "ఇదీ?"

"చచ్చింది."

పక్క బుట్టలోంచి మరొకటి తీసి ఊపింది. "ఇదీ?"

"ఇదీ చచ్చింది."

"ఇందాక నువ్వు రాకముందే అందరూ పోటీ పడి కొన్న గూడప్పా ఇది! చచ్చిండేది నా పురుగు కాదు, నీ చెవి!"

మార్కెట్ గొల్లుమంది. ఆ నవ్వు మాత్రం నాకు బ్రహ్మాండంగా వినిపించింది. వ్యాపారులు సిగ్గుపడి ఆమె గూళ్ళు కొన్నారు. అయినా 'రత్నమ్మవి చచ్చిన పురుగులంట' అన్న మాట అప్పటికే ఊళ్ళన్నీ తిరిగిపోయింది.

మర్నాడే రాబర్ట్‌సన్‌పేటలో చెవి పరీక్షకు వెళ్ళాను.

"ఇన్నేళ్ళు దారం మిషన్ల రొదలో కూర్చున్నారు. మాటలు వినబడతాయి గానీ సన్న చప్పుళ్ళు పోయినాయి," అంది పరీక్ష చేసిన అమ్మాయి. "కంటికి అద్దాలు పెట్టుకుంటారు, చెవికి మిషనంటే ఏం సిగ్గప్పా?"

చిన్న మిషన్ నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ చెవి దగ్గర ఊపాను.

"చప్పుడు లేదమ్మా, ఇదీ చచ్చిండాది."

"ఊపేది కాదప్పా, చెవిలో పెట్టుకునేది!"

ఇంటికొచ్చాక మా ఆవిడ గాజుల గలగల వినబడింది. ఎన్నేళ్ళయిందో విని! రత్నమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

తర్వాతి పంటకు, నలుగురిలో పోగొట్టిన ఆమె పేరు నలుగురిలోనే నిలబెట్టాలని అందరినీ పిలిచాను. ఆమె గూడొకటి తీసి, మిషనున్న చెవికి గట్టిగా ఆనించి ఊపాను. కీఁ... మంటూ మోత!

"రత్నమ్మా! నీ పురుగు ఈల వేస్తా ఉండాదే!"

రత్నమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "పురుగు కాదప్పా, నీ మిషనే! చెయ్యి అడ్డమొస్తే కూస్తాది. మా అత్తకూ ఉండాదిలే. రవంత దూరంగా పెట్టి ఊపు."

దూరంగా పెట్టి ఊపాను. గలగల! నా కళ్ళు చెమర్చాయి. "ఇంత మంచి గూళ్ళు ఈ మార్కెట్లో లేవు. పోయినసారి తప్పు నాదే," అని అందరికీ వినబడేలా చెప్పి బుట్ట మొత్తం నేనే తీసుకున్నాను.

కాబట్టి సమస్త పట్టుపురుగుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మీలో ఎవరైనా చచ్చారని ప్రకటించే ముందు, నా మిషన్‌లో బ్యాటరీ బతికుందో లేదో చూసుకుంటాను.