చెవిలో మోటారు, చేతిలో కురిడీ

మా ఊళ్ళో నా నోటికి విలువ లేదు. ఆ సంగతి నేనే ఒప్పుకుంటాను. వరదలో కొట్టుకొచ్చిన కొబ్బరి గెల మీద కూర్చుని ధవళేశ్వరం నుంచి కోటిపల్లి దాకా వచ్చానని, దారిలో ఒక పులస చేప నా జేబులోకి దూకి పులుసులోకి బెండకాయలు వెయ్యమని చెప్పిందని కాకా హోటల్లో కూర్చుని చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళు టీ ఇప్పించేవాళ్ళు, నమ్మేవాళ్ళు కారు.

నోటికి లేని విలువ నా చెవికి ఉండేది. మాది కురిడీ వ్యాపారం. ముదురు కాయల్ని పీచుతోనే అటక మీద ఏడాదిపాటు వదిలేస్తే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి ఎండి, చిప్పను వదిలి గుండులా ఆడుతుంది. అదే కురిడీ. పగలగొట్టకుండా ఆ సంగతి తెలియాలంటే కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించాలి. నీళ్ళుంటే బొళబొళమంటుంది, ఎండితే లొటలొటమంటుంది. నేను కురిడీ అన్నానంటే అది కురిడీయే. బతుకు మొత్తంలో నేను అబద్ధం చెప్పని చోటు అదొక్కటే.

ఎనభైల మొదట్లో, నాకు నలభై అయిదేళ్ళప్పుడు, ఒక పొద్దున తోటలో నిలబడి పాలికాపుతో, “మోటారు కట్టెయ్యి, నీళ్ళు చాల్లే” అన్నాను.

“కరెంటు పోయి గంటయిందండి, ఆయ్” అన్నాడు.

మోటారు షెడ్డులోకి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. మోత మాత్రం ఆగలేదు. ఎడమ చెవిలో సన్నగా, గుయ్యిమని, తెంపు లేకుండా. ఇంటికొచ్చినా ఉంది. తలారా స్నానం చేసినా ఉంది. మర్నాడు కుడి చెవికీ వచ్చింది.

హోటల్లో ఉన్నదున్నట్టు చెప్పాను. “చెవిలో మోటారు ఆడుతోందయ్యా, ఆగట్లేదు” అన్నాను.

“ఎన్ని హార్స్ పవరండి?” అన్నాడు హోటలాయన గ్లాసులు కడుగుతూ.

“కాలవ పక్కన కూర్చోండి, మా రెండెకరాలూ తడుస్తాయి” అన్నాడు ఇంకొకాయన.

అందరూ నవ్వారు. ఆ నవ్వు కోసం ఇరవై ఏళ్ళు కష్టపడ్డవాణ్ణి, ఆ పూట అది నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లో మా ఆవిడా అంతే. “కథ బాగానే ఉందండీ, ముగింపే కుదరలేదు” అని చారు వడ్డించింది. కంచం తోసేసి లేచిపోయాను. పెళ్ళయ్యాక అన్నం మీద కోపం చూపించడం అదే మొదలు.

ఇంట్లో చెప్పకుండా రాజమండ్రి వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన రెండు కొమ్ముల ఇనప కడ్డీ మోగించి, దీపం పెట్టి లోపలికి చూసి, “నరానికి సంబంధించిందండి. ప్రాణభయం లేదు, మందూ లేదు. అలవాటు పడాలి” అన్నారు. బయటికొచ్చి, కింద రైళ్ళూ పైన బస్సులూ నడిచే గోదావరి వంతెన ఎక్కాను. కాళ్ళ కింద నుంచి ఒక గూడ్సు దడదడలాడుతూ పోయింది. అది పోయినంతసేపూ చెవిలో మోత వినపడలేదు. ఆ హాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకో రైలు కోసం నిలబడ్డాను, ఆ తర్వాత ఇంకోదాని కోసం. ఊరికి ఆఖరి బస్సు తప్పిపోతుందని గాని, లేకపోతే అక్కడే కాపురం పెట్టేవాణ్ణి.

అటక మీంచి కాయలు దించే రోజులొచ్చాయి. కాయ చెవి దగ్గర పెట్టుకుంటే మోత తప్ప ఏమీ తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు. అనుమానం ఉన్నదాన్నల్లా ‘పచ్చిది’ అని పక్కకి విసిరాను. పచ్చి కాయల గుట్ట నడుమెత్తు పెరిగింది.

మధ్యాహ్నం మా ఆవిడ ఆ గుట్టలోంచి పచ్చడికి ఒక కాయ తీసి ఒలిపించి కొట్టింది. చిప్పలోంచి గుండ్రంగా, ఎండిన గుండు దొర్లింది. రెండోది కొట్టింది. అదీ అంతే. రెండు గుండ్లూ పళ్ళెంలో పెట్టుకొచ్చి నా ముందు నిలబడింది.

“మీకు నిజంగానే వినపడట్లేదా?” అంది నెమ్మదిగా.

తలూపాను. తను పక్కన కూలబడింది. “నేనేమో కథనుకున్నానండీ” అంది. నెల రోజుల్లో ఊళ్ళో నన్ను నమ్మిన మొదటి మనిషి తను. మోత రవ్వంత కూడా తగ్గలేదు, కానీ ఛాతీ మీంచి బస్తా దించినట్టయింది.

తర్వాత తను లేచి దూది తెచ్చి నా చెవులు రెండూ గట్టిగా మూసేసింది. ఒక కాయ నా అరచేతిలో పెట్టి ఆడించమని సైగ చేసింది. చెవి దగ్గరికి పోతున్న చేతిని పట్టుకుని కిందికి లాగింది. చెయ్యి చాచి ఆడించాను. మణికట్టు దగ్గర ఏదో తట్టింది. లోపల ఎవరో వేలితో పొడిచినట్టు. ఇంకో కాయ ఇచ్చింది. ఇందులో నీళ్ళు బద్ధకంగా అటూ ఇటూ ఒరిగాయి. ముప్పై ఏళ్ళుగా ఈ చేతులకి తెలిసిందాన్ని చెవి తన గొప్పగా చెప్పుకుందన్నమాట.

వారం రోజులు ఇద్దరం సావిట్లో అదే పని. నేను చెప్పడం, తను కత్తితో కొట్టి చూడటం. మొదట్లో పదికి నాలుగు తప్పాయి. ఆఖరికి ఒకటీ అరా. ఒక పూట పని ముగిశాక గుర్తొచ్చింది, పొద్దుటి నుంచీ మోతను మర్చిపోయానని. తలుచుకోగానే మళ్ళీ మొదలైంది, నిజమే. కానీ మర్చిపోవడం కుదురుతుందని తెలిసింది కదా. దాంతో దాని పొగరు సగం అణిగింది.

మా కురిడీలు కొనే రాజమండ్రి షావుకారు గారు వచ్చారు. మా దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, కొనేవారు మేం ఏరిపెట్టిన గుట్టలోంచి తమకి నచ్చిన పది కాయలు తీసి కొట్టిస్తారు. రెండు పచ్చివి తగిలాయంటే గుట్టంతా తిరిగి అటకెక్కుతుంది, ఆ కబురు సాయంత్రానికల్లా కొబ్బరి మార్కెట్టున్న అంబాజీపేటంతా పాకుతుంది.

నేను ఆయనెదుటే చెయ్యి చాచి కాయలు ఏరుతున్నాను. చుట్టూ ఊళ్ళోవాళ్ళు.

“చెవి దగ్గర పెట్టుకోరేంటండి?” అన్నారాయన.

“చెవితో వినడం నేర్చుకునేవాళ్ళ పద్ధతండి. ముదిరినవాళ్ళం మణికట్టుతో వింటాం” అన్నాను. గుమ్మంలో మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన అడుగునుంచీ మూలలనుంచీ లాగి పది తీశారు. కత్తి పడుతుంటే నా చెవుల్లో గోదావరి పొంగింది. ఒకటి, రెండు, అయిదు. ఎనిమిదోది పగిలినప్పుడు హోటలాయన ముందుకొచ్చి వంగి చూశాడు. పదికి పదీ కురిడీలు. ఇంకెప్పుడైనా అయితే ఇరవై అని చెప్పేవాణ్ణి. దీనికి కలపాల్సింది ఏమీ లేదు.

మరుసటి ఏడు మా వైపు ముగ్గురు వ్యాపారులు చెవి మానేసి, చెయ్యి బారెడు చాచి కాయలు ఆడించడం మొదలుపెట్టారు. వాళ్ళ చెవులు లక్షణంగా ఉన్నాయి. ఎందుకలా అని నేనే అమాయకంగా అడిగాను.

“ఇదేనండి అసలు పద్ధతి” అన్నారు నాకే.