అమ్మ పూర్తిచెయ్యని కాల్షీటు

మా చిన్నప్పుడు యూసుఫ్‌గూడలో అద్దెకుండేవాళ్ళం... నాన్న లేరు. పక్షవాతంతో మంచాన పడి, మాట కూడా పోయిన నానమ్మ, అమ్మ, నేను... అంతే.

నానమ్మని నేనే చూసుకుంటానని స్కూల్లో తెగ గొప్పలు చెప్పేదాన్ని. చేసేదల్లా సాయంత్రం పాలు తాగించడం!

అమ్మ సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్. నానమ్మ మంచాన పడ్డాక షూటింగులు మానేసి, ఇంట్లోనే విగ్గులు బాగుచేసేది. ఓ వేసవి సెలవుల్లో జూబ్లీహిల్స్‌లో షూటింగుకి పిలుపొచ్చింది. పని నచ్చితే సినిమా అంతా ఉంచుకుంటామన్నారట. అమ్మ ముఖంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో... నేనున్నాగా, వెళ్ళమన్నాను.

ఏ గంటకి ఏం చెయ్యాలో, షూటింగులో ఇచ్చే కాల్షీటులాగే ఓ కాగితం రాసి గోడకి అంటించింది. ఏడింటికి కాఫీ, తొమ్మిదింటికి మెత్తటి ఇడ్లీ, మాత్ర, ఒంటిగంటకి జావ...

అక్షరం పొల్లు పోకుండా చేశాను. కింద ఇల్లుగలావిడ వచ్చి, "పోరి మస్తు మంచిగ చూసుకుంటున్నది" అని మెచ్చుకుంది కూడా. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు.

సాయంత్రం అమ్మ వచ్చి, కాళ్ళు కడుక్కుని, నానమ్మని పక్కకి తిప్పింది. పక్కంతా తడి. నడుం దగ్గర చర్మం కమిలిపోయి, ఓచోట లేచిపోయింది. పొద్దుట్నుంచీ ఒకే వైపు...

రెండు గంటలకోసారి తిప్పాలని, పక్కబట్ట తడిమి చూడాలని కాగితంలో లేదు. రోజూ చేతులు చేసుకుపోయే పనులు... రాయాలని తోచలేదట.

ఏడుస్తూ, "అన్నీ రాయమ్మా, రేపు తప్పు చెయ్యను" అన్నాను.

రాయడం మొదలుపెట్టింది. కాగితం తిప్పింది... ఇంకా అవలేదు. పెన్ను పక్కన పెట్టేసింది.

"వద్దులేవే. అన్నీ ఒకచోట చూస్తే నాకే భయమేస్తోంది."

మర్నాడు వెళ్ళలేదు. తర్వాత ఎవరూ పిలవనూ లేదు.

ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో మా ఫ్లాట్లో అమ్మ మంచం మీద ఉంది. గాలి పరుపులు, డైపర్లు, ఫోన్ చేస్తే వచ్చే నర్సులు... అన్నీ వచ్చాయి. అయినా సాయంత్రానికి నా నడుం విరిగిపోతోంది. "ఇంట్లోనేగా ఉంటున్నావు, ఖాళీయే కదా" అని చుట్టాలంటే ఒళ్ళు మండుతుంది. అంతలోనే సిగ్గేస్తుంది... అప్పట్లో అమ్మ గురించి నేనూ అలాగే అనుకున్నదాన్నేగా.

మీ ఇంట్లో ఇలా చేసినవాళ్ళుంటే వాళ్ళ గురించి కింద రాయండి. ఇంకా ఉన్నారంటే, ముందు వెళ్ళి అడగండి... అలిసిపోయావా అని. నేను అడిగేసరికి అమ్మ నన్ను "ఎవరమ్మా నువ్వు" అంటోంది.