చీనీ తోటకు వచ్చిన స్టే

వేంపల్లె దగ్గర మా చీనీ, అదే బత్తాయి, తోటలో రెవెన్యూ వాళ్లు నోటీసు కూడా ఇవ్వకుండా సబ్‌స్టేషన్‌కని రాళ్లు పాతిన రోజు, లా చదివిన నా దగ్గరికి మా నాయన రాలేదు. ఎమ్మెల్యే ఇంటికి పోయాడు. గవర్నమెంటు పనికి అడ్డం పడొద్దని చెప్పి పంపించారట. నాకు ఒళ్లు మండింది.

అప్పుడు నేను కర్నూలులో జూనియర్ లాయర్ని. హైకోర్టులో రిట్ వేయించాను. సెలవుల్లో చీనీ చెట్ల కింద మంచమేసుకొని, చట్టం చేసేవాళ్లు వేరు, అమలు చేసేవాళ్లు వేరు, వాళ్లు గీత దాటితే ఆపే కోర్టు వేరు అని నాయనకు గొప్పగా పాఠాలు చెప్పేదాన్ని. ఆ సాయంత్రాలు మళ్లీ వస్తే ఎంత బాగుండు!

"అంటే వేరుపడిన అన్నదమ్ముల మాదిరి," అన్నాడొకసారి. "వేరుపడినా పెద్దాయనకు ఒక మాట చెప్పే కదా పాపా, ఏదైనా చేసేది?"

నవ్వి ఊరుకున్నాను. కోర్టు మాటకు ఏ పెద్దాయన అనుమతీ అక్కర్లేదని అక్కడే చెప్పాల్సింది.

స్టే వచ్చింది. కాపీ నాయన చేతికిచ్చి, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోమని చెప్పి కర్నూలు బస్సెక్కాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని, ముందుగా చెప్పకుంటే మర్యాద కాదని ఎమ్మెల్యే ఇంటికి పోయి, ఆ కాగితం అక్కడే ఇచ్చి వచ్చాడు. మరునాడు పొద్దున్నే తోటలోకి జేసీబీ దిగింది.

"జడ్జి చెప్పినాక ఎమ్మెల్యేతో ఏం పని నాయనా?" ఫోన్లో అరిచాను.

"ఆయనకు చెప్పకుండా ఈడ ఏం జరుగుతాది పాపా?" అన్నాడు.

నా దగ్గరున్న ఇంకో కాపీని తహసీల్దారు ఫోనుకు పంపి మాట్లాడాను. తమకు అందనే లేదంటూ ఆయన పది నిమిషాల్లో జేసీబీని ఆపించాడు. అప్పటికే బావి పక్క వరస పోయింది. చనిపోయిన మా అమ్మ కరువు కాలంలో బిందెలతో నీళ్లు మోసి బతికించిన చెట్లవి.

సాయంత్రానికి ఊరు చేరేసరికి నాయన కూలిన కొమ్మల్లో కాయలు ఏరుతున్నాడు.

"కాగితం నేరుగా ఆఫీసులో ఇచ్చింటే మీయమ్మ చెట్లు ఉండేవి కదా?"

ఉండేవి. కానీ ఆయన మొహం చూసి నోరు రాలేదు. "ఇచ్చినా ఆ తహసీల్దారు వినేవాడు కాదులే నాయనా," అన్నాను.

ఫోన్లో కాపీ పంపి ఆపించింది నేనని నాయనకు ఇంకా చెప్పలేదు. "అయితే ఆపించింది ఎమ్మెల్యేనే. పోయి చెప్పింది మంచిదే అయింది," అన్నాడు, ఊపిరి పీల్చుకొని.

బతికినన్నాళ్లూ ఏటా తొలి కాపు గంపెడు ఆ ఎమ్మెల్యే ఇంటికే పంపాడు. గంప కారులోకి ఎత్తింది నేనే.