పటంలో మా మణెమ్మ

మా చిన్నప్పుడు... నిజాం జమానాలో, కట్టంగూరు దగ్గరి మా ఊళ్ళో, మా ఇంటి వెనక అర్రలో అడుగు పెడితే చాలు, ఉడికిన చింతగింజల జిగురు వాసన! అది మా బాపు బొమ్మలు వేసే అర్ర. రంగులు కలిపే కొబ్బరి చిప్పలు, ఉడుత వెంట్రుకల కుంచెలు, దీపం మసి పట్టిన మూకుడు... గోడకు ఆనించి, చుట్టిపెట్టిన బట్ట పటాలు. ఊరూరా తిరిగే కథలవాళ్ళు ఆ బొమ్మలు చూపిస్తూ కథ చెప్పేవారు.

మా చెల్లె మణెమ్మ అక్కడే ఆడుకునేది. ఒకనాడు పటంలో చిన్నపిల్లలా ఉన్న అమ్మవారిని చూసి, "బాపూ, గీమెకు నా ముక్కు పెట్టినవేంది?" అంది.

"గింత మంచి ముక్కు ఊర్లె ఇంకెవరికుంది బిడ్డా!" అన్నాడు బాపు. ఎడమ చెంప మీద దాని పుట్టుమచ్చ కూడా పెట్టాడు.

కళ్ళు మాత్రం దిద్దలేదు. పటం తీసుకుపోయేవాళ్ళు వచ్చి కొబ్బరికాయ కొట్టాకే కళ్ళు దిద్దాలి... అది ఆచారం.

వాళ్ళు రాకముందే, ఆ వానకాలం, జ్వరం వచ్చి మణెమ్మ పోయింది...

కథలవాళ్ళు వచ్చిన రోజు అమ్మ అర్ర గడపకు అడ్డంగా కూర్చుంది. "నా బిడ్డ మొకం నేనియ్య. ఇంకోటి గీయించుకోండ్రి."

వాళ్ళ పెద్దాయన ఎదురుగా కూలబడ్డాడు. "పాత పటం చినిగిపోతే కృష్ణ నదిల కలిపొచ్చినం తల్లీ. కథ ఆగింది. పిల్లలు గంజికి ఏడుస్తున్నరు."

అమ్మ ఆయన వెనక నిలబడ్డ పిల్లల్ని చాలాసేపు చూసింది. లేచి దీపం ముట్టించింది.

"కండ్లు గూడ దానియే పెట్టయ్యా... జర నవ్వుతున్నట్టు పెట్టు" అంది బాపుతో.

పెద్దాయన కొబ్బరికాయ కొట్టాక కుంచె పట్టి కళ్ళు దిద్దాడు బాపు. మణెమ్మ మమ్మల్ని చూసింది...

అమ్మ ఆ కంటి కొసను తాకింది. తడి నలుపు వేలికి అంటింది. ఆ పూట చెయ్యి కడుక్కోలేదు, అన్నమూ తినలేదు.

ఇవాళ నా సంతోషం పట్టశక్యం కావడం లేదు! మా బిడ్డ తన ఇంట్లో బొమ్మల గది పెట్టుకుంది. పెద్ద కిటికీ, ట్యూబుల్లో రంగులు... బాపు రంగులు కలిపిన కొబ్బరి చిప్ప నేనిస్తే కళ్ళకద్దుకుంది నా తల్లి!

"నాయినా, మణెమ్మత్త ఎట్లుండె? మొదలు ఆమెనే గీస్త" అని కుంచె పట్టుకుంది.

ముక్కు చెప్పాను. మచ్చ చెప్పాను. కళ్ళు... ఎంత తలుచుకున్నా యాదికి రాలేదు.

ఆ పటం మళ్ళీ మా ఊరు రాలేదు. ఇప్పుడు పటం కథలవాళ్ళే కనబడరు... మీలో పెద్దవాళ్ళెవరైనా చిన్నప్పుడు మీ ఊళ్ళో ఆ పటం చూశారా? ఎడమ చెంప మీద మచ్చ ఉన్న పిల్ల... కళ్ళు ఎట్లా ఉన్నాయో కాస్త చెప్పరూ...