మధ్యాహ్నం రెండింటికి శుభరాత్రి

2009 మార్చి 3, మంగళవారం, మధ్యాహ్నం 2 గంటల 1 నిమిషం. కుళాయిల కర్మాగారంలో మొదటి షిఫ్టు ముగిసింది. కిటికీల్లోంచి ఎండ నేల మీద పలకలు పలకలుగా పడి ఉంది. మేస్త్రీ సెకొందో జానెత్తా బోర్లించిన చెక్కపెట్టె ఎక్కి, గొంతు సవరించుకుని, నలభై ఒక్క మంది పనివాళ్లకు శుభరాత్రి చెప్పడం మొదలుపెట్టాడు.

అదే ఆయన జబ్బు. దానికి మందు లేదు.

పదకొండో ఏట ఆయన ఫాదర్ల బోర్డింగు బడిలో చేరి, ఏడేళ్లు అక్కడే చదువుకున్నాడు. రాత్రి ప్రార్థన ముగిశాక, పిల్లలు పడకలకు వెళ్లేముందు, బడికి పెద్దయిన రెక్టరు ఫాదరు మెట్టు మీద నిలబడి మూడు నిమిషాలు మంచిమాట చెప్పి, "శుభరాత్రి" అని పంపేవారు. తోటి విద్యార్థులు ఆ బడి నుంచి లాటిను, లెక్కలు, లేతు పని పట్టుకొచ్చారు. సెకొందో వాటితోపాటు ఆ మూడు నిమిషాలనూ మూటగట్టుకొచ్చి, ఇరవై రెండేళ్లుగా, ఇత్తడిని అచ్చులో నొక్కే ప్రెస్సుల విభాగంలో రోజూ విప్పుతున్నాడు. పని ఎక్కడ ముగిస్తే రాత్రి అక్కడే మొదలవుతుందని ఆయన సిద్ధాంతం. ఈ విషయంలో సూర్యుడి అభిప్రాయం ఆయన ఎన్నడూ అడగలేదు.

ఒర్నెల్లా గోదియో అభిప్రాయమూ అడగలేదు. ఆమె మూడో నంబరు ప్రెస్సు మీద పనిచేస్తుంది. ఆమె బస్సు 2 గంటల 6 నిమిషాలకు. గేటు దూరం రెండు వందల పది మీటర్లు. ఆ బస్సు తప్పితే మళ్లీ 3 గంటల 11 నిమిషాలకే.

"మూడే మూడు ముక్కలు!" అని సెకొందో చెయ్యెత్తాడు. బొటనవేలు చాపి, "ఒకటి: మా బడిలో ఒక గాడిద ఉండేది."

"నిన్న కూడా గాడిదేగా, మేస్త్రీ?" అంది వెనకనుంచి పినూచా.

"నిన్నటిది మొండిది. ఇది ఓపికైనది. రెండు..." అని ఆయన చూపుడువేలు చాపాడు. ఆ వేలు మొదటి కణుపు దగ్గరే తెగిపోయి ఉంది.

"రెండోది కనబడట్లేదు మేస్త్రీ గారూ!" అని నలభై గొంతులు ఒక్కసారిగా అరిచాయి. ఇదీ రోజూ ఉన్నదే.

చివర ఆయన "శుభరాత్రి, పిల్లలూ" అన్నాడు. ఆ పిల్లల్లో ఇద్దరికి మనవలున్నారు. అందరూ బడిపిల్లల్లా రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడిస్తూ "శుభరాత్రి, ఫాదర్!" అని వెక్కిరించి పరుగు తీశారు. ఒర్నెల్లా చేతులు ఎత్తదు. ఆ సమయం పరుగుకు పనికొస్తుంది. అయినా గేటు చేరేసరికి బస్సు పొగ మాత్రం దొరికింది.

ఒకసారి సమ్మె జరిగిన రోజున కూడా ఆయన ఊరుకోలేదు. గేటు బయట జెండాల మధ్య, రెండింటికి, పెట్టె ఎక్కాడు.

"ఇవాళ పని ఆపేశాం కదయ్యా!" అన్నాడు యూనియన్ నాయకుడు, తల పట్టుకుని.

"పని ఆపారు. రోజు ఆగిందా?"

ఒర్నెల్లా చెల్లెలి పెళ్లి విందులో, కేకు కొయ్యకముందే, పట్టపగలు మూడున్నరకు వధూవరులకు శుభరాత్రి చెప్పిన ఘనత కూడా ఆయనదే. పెళ్లికొడుకు సిగ్గుతో ఎర్రబడ్డాడు.

మిలాను నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు, ఇంజినీరు కోల్నాగి, ఈ తంతు చూసి నిర్ఘాంతపోయాడు. రెండో షిఫ్టువాళ్లు గుమ్మం దగ్గర నిలబడిపోతున్నారు. ప్రెస్సులు ఊరికే ఉంటున్నాయి. ఆ మార్చి 3నే, బస్సు తప్పి ఆగిపోయిన ఒర్నెల్లాను పిలిపించాడు.

"అందరికంటే ఎక్కువ గోల నీదేనట కదమ్మా?"

"నా గోల కాదండీ. నా బస్సు గోల."

"నెలాఖరుదాకా రోజూ కొలువు. ఈ కాగితంలో రెండు గడులున్నాయి. మొదటిది, సగటు సమయం. రెండోది, దానివల్ల ఫలితం. రెండింటిలోనూ ఒక్కో సంఖ్య చాలు. రెండో గడిలో సున్నా వస్తే ఏప్రిల్ నుంచి ఈ శుభరాత్రి ఉండదు."

రెండో గడి అప్పుడే నింపేద్దామా అనుకుంది ఒర్నెల్లా. కానీ ఆమె ఏదైనా కొలవకుండా రాసే మనిషి కాదు. ఆ నెలలో మిగిలిన పనిదినాలు ఇరవై. సగటు 3 నిమిషాల 40 సెకన్లు. గాడిదలు ఆరుసార్లు వచ్చాయి.

గడియారం చూస్తూ నిలబడడం వల్ల, ఇంతకాలం పరుగులో గమనించనిది ఒకటి ఆమె కంటబడింది. సెకొందో నోరు గాడిద వెంట వెళ్తుంటే, కళ్లు వరుసగా ఒక్కొక్క ముఖం మీదా ఆగుతున్నాయి. పెట్టె దిగాక కొన్ని రోజుల్లో ఒకరిని పక్కకు పిలిచి చెవిలో ఏదో అంటాడు. అలా పిలిచినవాళ్లను ఆమె కాగితం అంచున రాసుకుంది. ఇరవై రోజుల్లో తొమ్మిది మంది. మర్నాడు ఆ తొమ్మిది మందిలో ఒక్కరు కూడా ప్రెస్సు మీద లేరు. ఒకరికి ప్యాకింగు, ఒకరికి చీటీలు అంటించడం, పినూచాకు రెండు రోజులు చీపురు.

ఒర్నెల్లాకు గత నవంబరు గుర్తొచ్చింది. అప్పుడు తననూ పిలిచి, "రేపటినుంచి రబ్బరు వాషర్లు లెక్కపెట్టు" అన్నాడు. నాలుగు రోజులు, పదకొండు వేల నాలుగు వందల వాషర్లు. ఒక్కో వాషరుకూ ఒక్కో తిట్టు చొప్పున ఆయనకు అర్పించింది. ఆ వారమే తండ్రి నొవారా ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఆ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు.

మార్చి 31న, పని మొదలయ్యేముందు, నేరుగా వెళ్లి అడిగింది.

"మేస్త్రీ, ఆ వేలు ఎలా పోయింది?"

"మొదటి ఉద్యోగంలో. బడి వదిలి నాలుగు నెలలు. రెండు రాత్రులు నిద్ర లేదు, ప్రెస్సు ముందు కూర్చున్నాను. అక్కడ శుభరాత్రి చెప్పేవాళ్లు లేరు."

"చెప్తే వేలు మిగిలేదా?"

"చెప్పడానికి కాదమ్మాయ్, చూడడానికి! మా రెక్టరు మాట్లాడుతున్నంతసేపూ మూడు వందల ముఖాలు చూసేవారు. ఎవడికి జ్వరం, ఎవడు ఏడ్చాడు, అన్నీ అక్కడే తెలిసిపోయేవి."

"అయితే నోరు మూసుకుని చూడొచ్చుగా! మధ్యలో ఆ గాడిదలెందుకు?"

"ఊరికే నిలబడి ముఖాలు చూస్తే పిచ్చోడంటారే!"

"ఇప్పుడు అనట్లేదా?"

సెకొందో కాస్త ఆలోచించాడు. "అంటున్నారా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆ మధ్యాహ్నం కూడా రెండోది కనబడలేదు. కనబడలేదని అందరూ అరిచారు. గుమ్మం దగ్గర రెండో షిఫ్టు వాళ్లు ఎదురుచూస్తున్నారు. అవే ప్రెస్సులు, అంతే మంది, వేరే మేస్త్రీ. ఒర్నెల్లా వాళ్ల చేతులకేసి చూసింది. తూలియోకి నడిమివేలు పొట్టి. అతని పక్కవాడికి చిటికెనవేలు లేదు. ఆమె మొత్తం లెక్కపెట్టింది: నలభై ఒక్క మందికి నాలుగు వందల అయిదు వేళ్లు.

"శుభరాత్రి, పిల్లలూ" అన్నాడు సెకొందో.

చేతులన్నీ లేచాయి. ఒర్నెల్లా అటు తిరిగి ఆ వేళ్లనూ లెక్కపెట్టింది. నమ్మకం చాలక ఇంకోసారి లెక్కపెట్టింది. అప్పుడు పెన్ను చంకలో ఇరికించి, మొదటిసారి తన రెండు చేతులూ పైకెత్తింది. బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు వచ్చేలోగా కాగితం పూర్తిచేసి మేనేజరుకు ఇచ్చేసింది.

"రెండో గడిలో ఇదేమిటి? కుళాయిలా?" అన్నాడు కోల్నాగి.

"కాదండీ. రేపు కిందికి రండి. వాళ్లు చేతులెత్తినప్పుడు మీరే లెక్కపెట్టుకోండి."

ఆయన వచ్చాడు. గాడిద కథ ఓపిగ్గా విన్నాడు. చేతులు లేచినప్పుడు పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టాడు. గుమ్మం వైపు తిరిగి రెండో షిఫ్టు చేతులూ చూశాడు. తన చేతులు జేబుల్లో పెట్టుకుని పైకి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి కాగితం తిరిగొచ్చింది. శుభరాత్రి కొనసాగించవచ్చని ఒక ముద్ర. దాని కింద రెండో గడిలో, ఒర్నెల్లా రాసిన సంఖ్య పక్కన, ఇంజినీరు ఎర్రసిరాతో "సరిచూశాను" అని రాసి, ఆ సంఖ్యనే తన చేత్తో మళ్లీ వేశాడు.

410.