మడుగులో దిగనివ్వని రోజు

నా చిన్నప్పుడు మా మేనత్త మమ్మల్ని వాగు మడుగులోకి అంత తేలిగ్గా దిగనిచ్చేది కాదు. ముందు తాను ఒడ్డున రాయి మీద కూర్చుని, చీర కాస్త పైకి దోపి, కాళ్లు నీళ్లలో పెట్టేది. కాసేపు కదిలేది కాదు. తర్వాత "ఇగ దిగుండ్రి" అనేది. అడవిలో బీడీల తునికాకు కోసి వచ్చిన మనిషి కదా, కాళ్లు చల్లబరచుకుంటోంది అనుకునేదాన్ని. మేం ఈతకు తహతహలాడుతుంటే ఆమెకు ఆ తీరిక ఏమిటో మాత్రం అర్థమయ్యేది కాదు.

ఆ ఎండాకాలం మా తమ్ముడు ఈత నేర్చుకున్నాడు. బడి తెరవగానే వాణ్ణి ఇల్లందు హాస్టల్లో చేర్చాలి. వెళ్లే ముందురోజు మడుగును ఒక్కడే ఈది దాటుతానని, అత్త ఒడ్డున నిలబడి చూడాలని మాట తీసుకున్నాడు. పది రోజులుగా వాడికి అదే ధ్యాస.

ఆ రోజు నీళ్లు అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. రెండు రోజుల ముందు వానకు ఎర్రగా బురద కలిసినప్పుడు కూడా దిగనిచ్చిన అత్త, ఆ రోజు రాయి మీద నుంచి లేవనే లేదు. తమ్ముడు చొక్కా విప్పి నిలబడ్డాడు. "ఆగు బిడ్డా, ఇంకా రాలే" అంది. ఎవరు రాలేదో చెప్పలేదు. నేను అయోమయంగా బాట వైపు చూస్తూ నిలబడ్డాను. మేకలు తప్ప ఎవరూ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక అత్త లేచి, "ఇయ్యాల వద్దు, ఇంటికి పోదాం" అంది. తమ్ముడు చొక్కా నేలకేసి కొట్టి ఏడ్చాడు. బురదనీళ్లు మంచివై, తేటనీళ్లు చెడ్డవెలా అయ్యాయని నేను దారంతా సాధించాను.

సాయంత్రానికి అత్త కాళ్లు పిక్కల దాకా దద్దుర్లు లేచి వాచిపోయాయి. మా నానమ్మ వేపనూనె రాస్తూ కేకలేసింది. "చేపపిల్లలు కాళ్లకాడికి రాకుంటే నీళ్లు మంచిగ లేనట్టేనని నీకు తెల్వదా? జల్దీ లేవక గంతసేపు ఎందుకు కూసున్నవే?"

"ఒక్కటన్నా వస్తదేమోనని చూసిన. పిలగాడు రేపు పోతుండు గదా" అంది అత్త.

గుమ్మంలో నిలబడి విన్న నేను సిగ్గుతో చచ్చిపోయాను. మాకు సరే అని చెప్పాలనే ఆశతో ఆమె అంతసేపు కాళ్లు ఆ నీళ్లలోనే ఉంచింది. తమ్ముడికి చెప్పాలి. కానీ అప్పటిదాకా వాడితో కలిసి ఆమెను తిట్టినదాన్ని, ఏ ముఖంతో చెప్పను? పొద్దున బస్సు దగ్గరికి అత్త కుంటుతూ వచ్చింది. వాడు అందరికీ చెయ్యి ఊపాడు, ఆమెకు తప్ప. అప్పుడూ నేను నోరు తెరవలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఎగువన చేపల కోసం ఎవరైనా మందు కలిపారో, చేలమీది పురుగుమందే కొట్టుకొచ్చిందో, అదీ తెలియలేదు. దసరా సెలవుల దాకా వాడు ఆ కోపంతోనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ మడుగుకు ఆదివారాలు జనం ఈతకు వస్తున్నారు. నెలకోసారి ఒక అమ్మాయి బండి మీద వచ్చి పరీక్షకు సీసాల్లో నీళ్లు పట్టుకుపోతుంది. పరీక్షలో బాగా లేవని తేలితే, దిగొద్దని బోర్డు కడుతుంది. మా మనవలు ఆమెను తిట్టుకుంటారు. మొన్న ఆమెకు మజ్జిగ ఇచ్చి, నీళ్లు మంచిగున్నయని తేలాలని నీకూ ఉంటదా బిడ్డా అని అడిగాను. "సీసా మూత పెట్టినప్పుడల్లా గదే మొక్కుకుంటా అమ్మమ్మా" అంది.

ఎవరైనా వద్దు అంటే ఇప్పటికీ నాకు ముందు కోపమే వస్తుంది. ఆ వెంటనే వాచిపోయిన ఆ కాళ్లు గుర్తొస్తాయి, తిట్టబోయిన నోరు ఆగిపోతుంది.