అల్ వుకైర్ బస్సులో ముందు సీటు

ఇక్కడ గల్ఫ్‌లో శుక్రవారం సెలవునాడు వక్రా సముద్రతీరానికి వెళ్ళాలన్న ఆలోచన నాది కాదు, నా స్నేహితురాలు సలీమాది. నిజామాబాద్ మనిషి, అల్ వుకైర్‌లో ఉంటుంది. వాళ్ళ కాలనీ నుంచి తీరానికి నడిచే ప్రైవేటు మినీబస్సులో ఆ బస్సుల సూపర్‌వైజర్ కొత్త రూలు పెట్టాడు. ముందు సీట్లు తెల్లవాళ్ళకూ కుటుంబాలకూ, వెనకవి మన దేశాల కూలీలకూ. "ఈసారి మా ఫ్యామిలీలన్నీ వెనక కూసుంటయ్. నువ్వు గూడ రా," అని సలీమా ఫోన్ చేసింది. ఆగగలనా!

నేనుండే మదీనత్ ఖలీఫా నుంచి టాక్సీలో మెట్రో స్టేషనుకు, రెండు రియాళ్ళ టికెట్‌తో రెడ్ లైన్‌లో వక్రాకు, మళ్ళీ టాక్సీలో అల్ వుకైర్‌కు చేరేసరికి నాలుగు కావస్తోంది.

బస్సు రాగానే మేమందరం నేరుగా వెనక వరుసలు నింపేశాం. మా తర్వాత ఎక్కిన జగిత్యాల మేస్త్రీ రాజన్న ముందు సీటు దగ్గరే ఆగిపోయాడు.

"వద్దక్కా. సూపర్‌వైజర్ మా లేబర్ క్యాంపుకు ఫోన్ కొడితే నన్ను ఇంటికి తోలేస్తరు."

"మా పేర్లు గూడ చెప్పుమంటం. కూసో అన్నా," అంది సలీమా.

కూర్చున్నాడు. అతణ్ణి చూసి, తర్వాత ఎక్కిన కూలీలూ ముందు సీట్లలోనే కూర్చున్నారు. సూపర్‌వైజర్ వచ్చి లేవమని హిందీలో అరిచాడు. ఎవరూ గొంతు పెంచలేదు. "మాకు వెనకే బాగుంది," అని సలీమా నవ్వుతూ హిందీలోనే చెప్పింది. అతను ఏసీ ఆపించాడు. బస్సంతా ఉడికిపోయింది. మంచినీళ్ళ సీసాలు చేతులు మారాయి. రాజన్న భయంతో సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు, అయినా లేవలేదు. చివర్లో ఎక్కిన తెల్లజంట కోసం సూపర్‌వైజర్ అతణ్ణి లేపబోతే, వాళ్ళే వద్దని చెప్పి రాడ్ పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి సూపర్‌వైజర్ విసుగ్గా డ్రైవర్‌తో "యల్లా, ఇక పోనీ!" అని దిగిపోయాడు. నేపాలీ డ్రైవర్ నవ్వుతూ మళ్ళీ ఏసీ వేశాడు. మా చప్పట్లకు బస్సు అదిరిపోయింది.

తీరం చేరగానే రాజన్న భార్యకు వీడియో కాల్ చేశాడు. "దుబాయ్ సముద్రం గింత పెద్దగుంటదా?" అందామె, ఏ గల్ఫ్ దేశమైనా ఆమెకు దుబాయే. "సముద్రం తర్వాత సూపిస్త. ముందుగాల బస్సు ముచ్చట ఇను!"

తిరుగు ప్రయాణంలో ఎవరూ మమ్మల్ని ఆపలేదు. రూలు పోయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక సాయంత్రంతో అంతా మారిపోతుందని నేననుకోను. కానీ భయపడుతూనే ఒక మనిషి తన సీట్లో కూర్చుని ఉండటం కళ్ళారా చూశాను. వచ్చే వారం కూడా వెళ్తున్నాను. మీరూ వచ్చేట్టయితే, శుక్రవారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, వేళలు ముందే చూసుకోండి. నీళ్ళు రెండు సీసాలు తెచ్చుకోండి, ఒకటి పక్కవాళ్ళకు.